చిన్న పార్కే కదా అని వెళ్తే 4.2 కిలోమీటర్లకు మూడు గంటలు దాటింది, మీకెవరికైనా ఇలా అయిందా?

కొండమల్లి
పోయిన ఆదివారం అమ్మని, మా తొమ్మిదేళ్ల అబ్బాయిని తీసుకుని ఒక చిన్న నేచర్ పార్కుకి వెళ్లాను. పచ్చగడ్డి, బెంచీలు ఉండే పార్కు కాదు, అడవిని ఉన్నది ఉన్నట్టు వదిలేసి మధ్యలో కాలిబాటలు తీసినది. గేటు దగ్గర బోర్డు మీద "చుట్టుదారి 4.2 కి.మీ." అని ఉంది, అంతే, ఇంకేం లేదు. అమ్మకి 61 ఏళ్లు. రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది, గంట కూడా పట్టదు. అందుకే సాయంత్రం నాలుగింటికి లోపలికి వెళ్తే ఐదున్నరకల్లా బయటపడతాం అనుకున్నాం. బయటికొచ్చేసరికి ఏడుంబావు.

మొదటి అర కిలోమీటరు హాయిగా ఉంది. ఆ తర్వాత దారంటే రాళ్లే. కొన్నిచోట్ల మోకాలెత్తు బండలు ఎక్కాలి, కొన్నిచోట్ల చెట్ల వేళ్లు అల్లుకుపోయి కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. దిగేటప్పుడు ఒక నున్నటి బండ మీద సన్న గులకరాళ్లు పరుచుకుని ఉన్నాయి. అమ్మ కాలు వాటి మీద పడగానే కింద చక్రాలు ఉన్నట్టు జర్రున ముందుకు పోయింది. పక్కన చెట్టు చేతికందింది కాబట్టి సరిపోయింది, అరచేయి మాత్రం గీరుకుపోయింది. నా ప్రాణం పోయినంత పనైంది. చివరి అరగంట ఫోన్ లైట్‌తో నడిచాం.

ముందే అడిగినవాళ్లంతా "అది చిన్న పార్కే" అన్నారు. ఒక్కరైనా దారి కష్టంగా ఉంటుందని చెప్పలేదు. బోర్డులోనైనా రాయాలి కదా? ఇంత జరిగాక అమ్మేమో మళ్లీ వెళ్దామంటోంది. తీసుకెళ్లాలా వద్దా?

నిలువుదారి
బోర్డు మీద దూరం రాశారుగా, ఇంకేం రాస్తారు? తెలియని కొండదారికి సాయంత్రం నాలుగింటికి బయల్దేరడమే అసలు తప్పు. పొద్దున వెళ్లాల్సింది.

తూనీగ
@నిలువుదారి దూరం రాస్తే సగమే చెప్పినట్టు. ఎంత ఎత్తు ఎక్కాలో, కాలి కింద మట్టా రాయా అన్నది రాయకపోతే ఆ 4.2 అంకె మనిషిని మోసం చేస్తుంది. రోజూ రోడ్డు మీద నడిచేవాళ్లే ఎక్కువ మోసపోతారు, ఎందుకంటే నాలుగు కిలోమీటర్లంటే ఎంతో తమకు బాగా తెలుసు అనుకుంటారు కాబట్టి.

పిక్కబలం
కొండమల్లి గారూ, మొత్తం ఎంత ఎత్తు ఎక్కారో ఏ యాప్‌లోనైనా రికార్డయిందా?

కొండమల్లి
నా వాచీలో 260 మీటర్లు అని చూపించింది. అది ఎక్కువో తక్కువో నాకు తెలియదు. @నిలువుదారి టైమ్ విషయం ఒప్పుకుంటాను, నాలుగింటికి వెళ్లకుండా ఉండాల్సింది.

పిక్కబలం
260 అంటే తక్కువేం కాదు, మన ఇళ్ల లెక్కలో ఎనభై అంతస్తులు ఎక్కి దిగినట్టు. దీనికి పాత లెక్క ఒకటుంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పాడు, ఇప్పటికీ కొండల్లో తిరిగేవాళ్లు అదే వాడతారు. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున దూరానికి టైమ్ వేసుకోవాలి, దానికి ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట కలుపుకోవాలి. మీ దారికి లెక్కేస్తే దూరానికి 50 నిమిషాలు, ఎత్తుకి 26 నిమిషాలు, మొత్తం 76. అయితే ఈ లెక్క గట్టిగా నడవగలిగినవాళ్లది, ఎక్కడా ఆగకుండా, ఓ మోస్తరు మంచి దారిలో. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నేను నేరుగా రెండింతలు చేస్తాను, దారి రాళ్లమయం అని తెలిస్తే ఇంకో అరగంట వేస్తాను. అప్పుడు మీది మూడు గంటలు తేలుతుంది. మీరేమీ నెమ్మదిగా నడవలేదు, దారి అంత టైమ్ అడిగింది.

వాననడక
దీనికి ఇంకో సంగతి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే సమతలం మీద కూడా ఎక్కువ అలసిపోతాం. 2013లో అమెరికాలో ట్రెడ్‌మిల్ మీద చిన్న చిన్న దిమ్మెలు అతికించి మనుషుల్ని నడిపించి చూశారు. హెచ్చుతగ్గులు మహా అయితే 2.5 సెంటీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పు. అంత చిన్న తేడాకే నడకకు ఖర్చయ్యే శక్తి 28 శాతం పెరిగింది. ఇక మోకాలెత్తు బండల సంగతి మీరే ఊహించుకోండి.

కొండమల్లి
28 శాతమా! అమ్మకి చదివి వినిపించాను, "నేను చెప్తే మీరు నమ్మలేదు, అప్పుడే ఒళ్లు నొప్పులన్నాను" అంటోంది.

సాఫీదారి
నా అభిప్రాయం చాలామందికి నచ్చదని తెలుసు, అయినా చెప్తాను. ఇలాంటి చిన్న పార్కుల్లో దారి పొడవునా సిమెంటు మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగు కట్టేయాలి. ఊరి పక్కనే ఉంటాయి, పిల్లలూ ముసలివాళ్లూ వస్తారు, ఒకరి కాలు విరిగాక ఆలోచిస్తే లాభం ఏముంది? సాహసాలు చేసేవాళ్లకి పెద్ద కొండలు ఉన్నాయి కదా.

అడవిగాలి
అమ్మో వద్దు. సిమెంటు వేస్తే ఇక అక్కడికి వెళ్లడం దేనికి?

రాళ్లుమోసినవాడు
@సాఫీదారి మీ భయం న్యాయమైనదే, కానీ సిమెంటు దానికి మందు కాదు. ఒక పార్కులో రెండేళ్లపాటు వారాంతాల్లో బాటలు బాగుచేసే పనికి వెళ్లాను, చూసింది చెప్తున్నాను.

కొండ మీద బాటకు శత్రువు నీళ్లు. వాన నీరు ఎప్పుడూ దగ్గరి దారి వెతుక్కుంటుంది. మనం నిటారుగా మెట్లు కడితే అదే దానికి కాలువ, రెండు పక్కలా మట్టిని కోసుకుంటూ పోతుంది. మూడో నాలుగో వానాకాలాలు గడిచేసరికి మెట్టు కింద బోలు ఏర్పడి, మెట్టు మాత్రం గాల్లో వేలాడుతూ ఉంటుంది. అలాంటివి నా చేతులతో పగలగొట్టి తీసేశాను. పైగా తడిసి నాచుపట్టిన సిమెంటు గరుకు బండ కంటే ఘోరంగా జారుతుంది.

మంచి బాట కొండకు అడ్డంగా మెల్లగా ఎక్కుతుంది. బాట వాలు కొండ వాలులో సగానికి మించకూడదని మాకు మొదటిరోజే చెప్పారు, మించితే నీళ్లు బాటను దాటిపోకుండా బాట వెంటే పారతాయి. బాటను లోయ వైపుకి కొంచెం వాలుగా చెక్కుతారు, నడిచేవాళ్లకి తెలియనంత కొంచెం, నీరు అటు జారిపోవడానికి. ఇంకా నిటారు చోట్ల దారికి ఐమూలగా రాళ్ల వరస పాతుతారు. చాలామంది అవి కాలికి అడ్డమనుకుని పీకి పక్కన పారేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ వరస నీటిని దారిలోంచి పక్కకు మళ్లించడానికి పెట్టింది. ఒక్కో రాయిని ఇద్దరం గునపాలతో దొర్లించుకుంటూ తెచ్చి, మూడింట రెండొంతులు భూమిలోకి దించి, కాలితో తొక్కి కదలట్లేదని చూసుకుని వదిలేవాళ్లం. ఒక వరసకి ఒక పూట పట్టేది.

తూనీగ
ఈ రాళ్ల వరసల సంగతి నాకు అస్సలు తెలియదు. ఇన్నాళ్లూ ఎవరో సరదాకి పేర్చారనుకున్నా. థాంక్స్ అన్నా.

సాఫీదారి
@రాళ్లుమోసినవాడు సరే, మెట్ల గురించి మీరు చెప్పింది అర్థమైంది. మరి రెయిలింగు? నిజంగా పడిపోయే చోటైనా పట్టు ఉండాలి కదా.

రాళ్లుమోసినవాడు
అలాంటిచోట ఉండాల్సిందే, నేనూ అదే అంటాను. పక్కన లోయ ఉన్న పది మీటర్లకి గొలుసో రెయిలింగో పెట్టడం వేరు, నాలుగు కిలోమీటర్లూ కట్టడం వేరు.

చల్లనినీడ
ఇక్కడ నాది ఒక మాట. మా నాన్నగారు చక్రాల కుర్చీలో ఉంటారు. ఆయనకు చెట్లంటే ప్రాణం. మేం వెళ్లే ఒక పార్కులో గేటు నుంచి చిన్న చెరువు దాకా ఆరు వందల మీటర్లు గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టిదారి ఉంది, కుర్చీ హాయిగా వెళ్తుంది. అక్కణ్నుంచి పైకంతా రాళ్లదారి. నాన్న చెరువు దగ్గర పిట్టల్ని చూస్తూ కూర్చుంటారు, మేం పైకి వెళ్లొస్తాం. కొండంతా చదును చేయమని ఆయన ఎప్పుడూ అడగలేదు. కానీ ఆ ఆరు వందల మీటర్లు కూడా లేకపోతే ఆయన గేటు బయటే ఆగిపోయేవారు. రెండూ ఉండాలి.

అడవిగాలి
@చల్లనినీడ ఇది నాకు తట్టలేదండీ. మీరన్నదే సరైనది.

నిలువుదారి
బోర్డు విషయంలో నేను కొంచెం తగ్గుతాను. దూరం, మొత్తం ఎక్కుడు, అన్నిటికంటే కష్టమైన చోటు ఎక్కడుంది, వెనక్కి తిరగడానికి వీలైన ఆఖరి చోటు ఎక్కడ, ఈ నాలుగూ రాస్తే చాలు. ఒక పలక ఖర్చు.

పాతబూట్లు
బూట్ల గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? మీ అమ్మగారు ఏం వేసుకున్నారు?

కొండమల్లి
రోజూ వాకింగ్‌కి వేసుకునే మెత్తటి బూట్లు. అడుగు భాగం దాదాపు నున్నగా అరిగిపోయి ఉందని ఇంటికొచ్చాక చూశాను.

పాతబూట్లు
అనుకున్నా. ఆ బూట్లు చదునైన నేలకి. రాతిదారికి అడుగున లోతుగా గాళ్లున్నవి కావాలి, మట్టిలోనూ గులకరాళ్లలోనూ అవే దిగి పట్టుకుంటాయి. కొత్తవి కొనకముందు రెండు విషయాలు చూసుకోండి. మడమ లోపల కదలకూడదు, ముందు బొటనవేలి అవతల వేలెడు జాగా ఉండాలి. దిగేటప్పుడు పాదం ముందుకు జరుగుతుంది, జాగా లేకపోతే గోళ్లు నల్లబడతాయి. ముందురోజే గోళ్లు కత్తిరించుకోమనండి.

ఇంకోటి, ఇది నా అనుభవం. మంచి ట్రెకింగ్ బూట్లు, మహా అయితే పదిసార్లు వేసుంటాను, ఆరేళ్లు డబ్బాలో భద్రంగా దాచాను. తీసి చూస్తే కొత్తవాటిలా మెరుస్తున్నాయి. వేసుకుని వెళ్తే రెండో కిలోమీటరులో కుడి బూటు అడుగు మడమ దగ్గర ఊడి తప్ తప్ అని కొట్టుకోవడం మొదలైంది, వంగి చూస్తే లోపలి స్పాంజి లాంటి పొర పిండిలా రాలిపోతోంది. ఇంకో పావుగంటకి ఎడమదీ అంతే. బూటు తాడుతోనే చుట్టి కట్టుకుని దిగాను. ఆ పొర పాలియురేథేన్‌ది. గాలిలో తేమ పట్టి దానంతటదే విరిగిపోతుందట, వాడకుండా దాచినా సరే. వాడకపోతే బూటు కొత్తదిగానే ఉంటుందని అనుకోకండి. పాత బూట్లు తీస్తే వెళ్లేముందు అడుగు భాగం బొటనవేలితో గట్టిగా నొక్కి, వంచి చూడండి.

మెట్టవేప
నాకూ సరిగ్గా ఇలాగే అయింది, ఎనిమిదేళ్ల బూట్లు! ఇన్నాళ్లూ కంపెనీని తిట్టుకున్నా.

ఒంటికర్ర
బూట్లకంటే కర్ర ముఖ్యం అంటాను నేను. నా వయసు 67. రెండు చేతికర్రలు పట్టుకున్నప్పటి నుంచి దిగుడంటే భయం పోయింది. ముందు కర్ర ఆనాలి, అది కదలదని తెలిశాక కాలు పడాలి. గులకరాళ్లున్న బండ మీద కర్రతో వాటిని పక్కకు తోసేసి అడుగు వేస్తాను.

గాలిపటం99
మా కుర్రాళ్లకి కర్రలెందుకు అనుకునేవాణ్ని. దిగొచ్చాక రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను, వెనక్కి తిరిగి దిగాను. ఎక్కడం సులువుగానే అయింది, దిగడానికి ఇంత నొప్పి ఏంటో.

వాననడక
@గాలిపటం99 దిగేటప్పుడే కండకి దెబ్బ. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది, ఊపిరి ఆడదు కానీ కండ బాగానే ఉంటుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువంతా ఆపాలి, బ్రేకు వేసినట్టు. దాంతో కండలో సన్నటి చీలికలు వస్తాయి. అందుకే అదే రోజు కాకుండా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య నొప్పి బాగా తెలుస్తుంది. మంచి సంగతి ఏంటంటే ఒకసారి అలా అయ్యాక కొన్ని వారాలపాటు అదే దిగుడుకి అంత నొప్పి రాదు, కండ అలవాటు పడుతుంది. కొండమల్లి గారి అమ్మగారు మళ్లీ వెళ్లాలంటే రెండు మూడు వారాల్లోపు వెళ్లడమే మేలు.

కొండమల్లి
ఈ పోస్టు అమ్మకి చూపించకూడదు, ఈ ఆదివారమే బయల్దేరదీస్తుంది :)

సీతాకోక
నాకు అసలు భయం దారి తప్పడం. చిన్న పార్కులో ఏం తప్పుతాం అంటారు గానీ నాకు చిన్నవాటిలోనే ఎక్కువ టెన్షన్. అడ్డదారులు అన్ని ఉంటాయి!

నిలువుదారి
చిన్న పార్కులో తప్పిపోవడమేంటండీ, ఏదో ఒక వైపు నేరుగా నడిస్తే రోడ్డు వస్తుంది.

సీతాకోక
@నిలువుదారి నేరుగా నడవగలిగితే కదా. నేను మబ్బు పట్టిన రోజు అలాగే "నేరుగా" నడిచి ఇరవై నిమిషాల తర్వాత అదే విరిగిన చెట్టు దగ్గరికి వచ్చాను. అదే కొమ్మ, దాని మీద అదే పసుపు పుట్టగొడుగు. ఏడుపొచ్చింది.

వాననడక
సీతాకోక గారు చెప్పింది నిజం. 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు మనుషుల్ని అడవిలోనూ ఎడారిలోనూ నేరుగా నడవమని జీపీఎస్‌తో చూశారు. ఎండ కనిపిస్తున్నంతసేపు దాదాపు నేరుగానే వెళ్లారు, అడవిలో మబ్బు కమ్మినప్పుడు నడిచినవాళ్లు తమకు తెలియకుండానే గుండ్రంగా తిరిగి సొంత దారినే అడ్డం కోశారు. నేరుగా వెళ్తున్నామనే నమ్మారట.

దీపస్తంభం
నాకున్న అలవాటు ఒక్కటే. దారి గుర్తు కనిపించక ఐదు నిమిషాలైతే ముందుకి ఒక్క అడుగు వేయను. వెనక్కి, ఆఖరి గుర్తు కనిపించిన చోటికి. "ఇంకొంచెం ముందుకెళ్తే వస్తుందేమో" అనే ఆశే మనిషిని లోపలికి లాక్కెళ్తుంది.

ఫోన్ సంగతి: నెట్‌వర్క్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, అది ఉపగ్రహాల నుంచి వస్తుంది కాబట్టి. మ్యాప్ మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. సిగ్నల్ అందనిచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఆపదలో ఫ్లైట్ మోడ్ తీసేసి 112 కొట్టండి, చాలా దేశాల్లో పనిచేస్తుంది. మీ నెట్‌వర్క్ లేకపోయినా ఇంకో కంపెనీ టవర్ అందితే దాని మీదుగా వెళ్తుంది.

ఒంటికర్ర
పిల్లల మెడలో ఒక ఈల వేయండి. అరిస్తే గొంతు పోతుంది, ఈల పోదు. నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఆరుసార్లు. ఆల్ప్స్ పర్వతాల్లో పుట్టిన పద్ధతి ఇది. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు ఊది బదులిస్తారు. తప్పిపోయాననిపిస్తే నడవడం మానేసి ఒక చెట్టుని పట్టుకుని అక్కడే ఉండాలని పిల్లలకి ముందే చెప్పాలి.

కొండమల్లి
ఈల ఐడియా మావాడికి తెగ నచ్చింది, ఇప్పుడే ఇల్లంతా ఊదుతున్నాడు. పై అంతస్తువాళ్లు మూడుసార్లు బదులిస్తారేమో చూడాలి.

ఆ రోజు గురించి ఒకటి చెప్పడం మర్చిపోయాను. చీకటి పడ్డాక మాకు దారి చూపించింది మావాడే. పైకి వెళ్లేటప్పుడు చెట్ల మీద నీలిరంగు గుర్తులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడట. "అమ్మా ఇంకా పదకొండు ఉన్నాయి" అని చెప్తూ వచ్చాడు.

మెట్టవేప
బంగారుకొండ! ఈసారి మేం వెళ్లేటప్పుడు మీ అబ్బాయిని మాతో పంపండి, మేం నలుగురం ఉండి ఒక్కరం కూడా గుర్తులు చూడం.

రాళ్లుమోసినవాడు
పిల్లలకి ఆ అలవాటు చాలా మంచిది. గుర్తుల మాట వచ్చింది కాబట్టి ఇంకో విన్నపం. రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఫొటో తీసుకుని వదిలేయకండి. కొన్నిచోట్ల దారి చూపించేవి ఆ రాళ్ల గుట్టలే, మనం పేర్చినవి చూసి ఎవరో తప్పుదారి పడతారు. ఆ రాళ్ల కింద బతికే పురుగులకీ తొండలకీ ఇల్లు పోతుంది.

గాలిపటం99
మలుపుల దగ్గర అడ్డంగా కోసుకుని దిగేస్తాం కదా, అది పర్వాలేదా? రెండు మలుపులు కలిపి పది అడుగులే, చుట్టూ తిరిగితే యాభై మీటర్లు.

రాళ్లుమోసినవాడు
తమ్ముడూ, దయచేసి వద్దు. పదిమంది దిగితే గడ్డి చస్తుంది, వందమంది దిగితే మట్టి తేలుతుంది, ఆపైన ఒక్క గట్టివాన చాలు. మేం బాగుచేసిన గండ్లలో సగం అలా మొదలైనవే. బురద ఉన్నచోట పక్కనుంచి తొక్కుకుంటూ వెళ్లడమూ అంతే, అడుగు వెడల్పు బాట బండి దారంత అవుతుంది. బూటు తడిసినా మధ్యలోంచే నడవాలి.

గాలిపటం99
సరే అన్నా, నిజంగా తెలియక చేశాను. ఇక చేయను.

అడవిగాలి
బండల మీద పేర్లు చెక్కేవాళ్లకి కూడా ఎవరైనా చెప్పాలి. బండ మీద బూడిదరంగు, పచ్చరంగు మచ్చలుంటాయి కదా, అవి లైకెన్లు, ప్రాణం ఉన్నవి. చాలా రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. అరచేతి వెడల్పు మచ్చ మన కంటే పెద్దది అయ్యుంటుంది. తాళంచెవితో దాన్ని గీకేయడానికి అర నిమిషం చాలు. చూస్తే కడుపు మండిపోతుంది.

ఒంటికర్ర
పిల్లలతో బండలు ఎక్కేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోండి. కంటికి కనిపించని సందులో వేళ్లు పెట్టనివ్వకండి, పాములూ తేళ్లూ ఉండేది అక్కడే. పడిపోయిన మాను అడ్డం వస్తే ఒక్కసారిగా అవతలికి దూకకూడదు, ముందు పైకెక్కి అవతల ఏముందో చూసి అప్పుడు దిగాలి.

దీపస్తంభం
ఉరుము కూడా. శిఖరం మీద ఉన్నప్పుడు మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టండి, మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపు వస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, వెంటనే దిగిపోండి. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగండి.

సాఫీదారి
మళ్లీ మొదటి ప్రశ్నకి వస్తాను. 61 ఏళ్ల ఆవిడ జారి పడబోయింది. మనం ఇన్ని జాగ్రత్తలు చెప్పి ఆవిడని మళ్లీ పంపిస్తున్నాం. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో ఇంట్లో చూసినవాణ్ని. మా పెద్దమ్మ లేవలేదు.

ఒంటికర్ర
@సాఫీదారి బాబూ, మీ బాధ అర్థమైంది. నేను కూడా ఆ భయంతోనే ఏడాదిపాటు ఇంటి ముందు రోడ్డు దాటి వెళ్లలేదు. ఆ ఏడాదిలోనే బాత్రూములో రెండుసార్లు తూలాను. చదును నేల మీదే నడుస్తుంటే పాదం నేర్చుకున్నది మర్చిపోతుంది. మెల్లగా, తోడుతో, కర్రతో మొదలుపెట్టాక నిలకడ వచ్చింది. నా ఒక్కడి మాట కాదు, 2005లో అమెరికాలో అరవై దాటినవాళ్లని 16 వారాలు గులకరాళ్ల లాంటి చాపల మీద నడిపిస్తే, మామూలుగా నడిచినవాళ్లకంటే నిలకడ మెరుగైంది, రక్తపోటు కూడా తగ్గింది. అయితే ఎముకలు బలహీనంగా ఉన్నాయేమో డాక్టరుకి చూపించుకునే వెళ్లాలి. అది మాత్రం తప్పనిసరి.

సాఫీదారి
డాక్టరుకి చూపిస్తే నాకు అభ్యంతరం లేదు. మొత్తం చుట్టు మాత్రం వద్దు, సగం దాకా వెళ్లి రమ్మనండి.

పిక్కబలం
సగం అంటే దూరంలో కాదు, టైమ్‌లో పెట్టుకోండి. బయల్దేరినప్పటి నుంచి చీకటి పడేదాకా ఎంత టైమ్ ఉందో చూసి, అందులోంచి గంటన్నర తీసేసి, మిగిలినదాన్ని రెండుగా చేయండి. మొదటి సగం అయిపోగానే ఎక్కడున్నా వెనక్కి. చెట్ల కింద బయటికంటే చాలా ముందే చీకటి పడుతుంది, అందుకే ఆ గంటన్నర.

కొండమల్లి
రెండు వారాలైంది, ఏమైందో చెప్దామని వచ్చాను.

డాక్టరు ఎముకల పరీక్ష చేయించారు, బాగానే ఉన్నాయన్నారు. అమ్మకి గాళ్లున్న బూట్లు కొన్నాం. నిన్న పొద్దున ఆరున్నరకి గేటు తీయగానే లోపలికి వెళ్లాం, ఎనిమిదింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని గేటు దగ్గరే మాట తీసుకున్నాను. తమ్ముడి కర్ర అమ్మకిచ్చాం. అమ్మ జారిన బండ దాటి ఇంకా పైన ఒక వంపు ఉంది, అక్కడికి చేరేసరికి ఎనిమిది. ఇంకో పది నిమిషాలు నడిస్తే శిఖరం, కనిపిస్తూనే ఉంది. అమ్మ దాన్ని చాలాసేపు చూసి "మాటంటే మాటే" అని వెనక్కి తిరిగింది. దిగేటప్పుడు ఆ బండ దగ్గర నేను చేయి పట్టుకోబోతే వద్దంది. కర్రతో గులకరాళ్లని ఒక్కొక్కటీ పక్కకు నెట్టి, పాదం అడ్డంగా పెట్టి, రెండు నిమిషాలు తీసుకుని దిగింది. మావాడు కింద నిలబడి ఈల ఊదాడు, మూడుసార్లు.

ఐమూలగా పాతిన రాళ్ల వరసలు తొమ్మిది లెక్కపెట్టాం. ఒకదాంట్లో రాయి ఎవరో పీకేశారు, పక్కనే పడుంది. మావాడూ నేనూ దొర్లించి గుంటలో పెట్టాం. గట్టిగా కూర్చుందో లేదో తెలియదు, గేటు దగ్గర ఆఫీసులో చెప్పొచ్చాం. బోర్డు గురించి కూడా కాగితం మీద రాసిచ్చాను, నిలువుదారి గారు చెప్పిన నాలుగు విషయాలే.

రాళ్లుమోసినవాడు
గేటులో చెప్పడం సరైన పని. రాయి చుట్టూ చిన్న రాళ్లు కూరి దిమ్మిస కొట్టాలి, వాళ్లు చూసుకుంటారు. మీ అబ్బాయికి నా తరఫున షేక్‌హ్యాండ్ ఇవ్వండి.

సాఫీదారి
పది నిమిషాల దూరంలో శిఖరం కనిపిస్తుంటే వెనక్కి తిరిగారా! మీ అమ్మగారికి నమస్కారం చెప్పండి. నేనైతే ఆగేవాణ్ని కాదు.

కొండమల్లి
చెప్పాను, నవ్వింది. ఒంటికర్ర గారిని ఒకటి అడగమంటోంది. తమ్ముడి కర్ర తనకి పొడుగైందట, సొంతది కొనుక్కోవాలి. ఎత్తు ఎలా చూసుకోవాలి?

ఒంటికర్ర
చదును నేల మీద నిలబడి కర్ర పట్టుకుంటే మోచెయ్యి సరిగ్గా ఎల్ ఆకారంలో వంగాలి. దిగేటప్పుడు ఇంకో ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడిగించుకోవాలి, అందుకని పొడుగు మార్చుకోగలిగేదే కొనండి. కొన్నాక బిగించి, ఇంట్లోనే గట్టిగా నేలకి నొక్కి చూడండి, జారి లోపలికి పోకూడదు.

కొండమల్లి
కొన్నాం. ఆకుపచ్చది కావాలంది. బూట్ల పక్కనే గోడకి ఆనించి పెట్టుకుంది.